వేతన లెవెల్ 10 నుంచి 11కి కాలేజీ లైబ్రేరియన్ పదోన్నతి ఫైలు ఎందుకు తిరిగొచ్చింది?

మీ ఫైలు ఆగింది ఓరియంటేషన్ దగ్గర కాదండీ, రెండో శిక్షణ దగ్గర. చిత్తూరు కాలేజీలో ఆరేళ్ల సర్వీసు, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో 21 రోజుల ఓరియంటేషన్ ఉన్నా "శిక్షణ చాలదు" అని వెనక్కి పంపారన్నారు కదా.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీ లైబ్రేరియన్‌కి రెండూ ఉండాలి. 21 రోజుల ఓరియంటేషన్ ఒకటి. ఆటోమేషన్, డిజిటలైజేషన్, నిర్వహణ లాంటి వాటి మీద కనీసం 5 రోజుల శిక్షణో వర్క్‌షాపో ఇంకొకటి. లెక్చరర్ల చెక్‌లిస్టు చూసి ఫైలు కడితే ఈ రెండోదే జారిపోతుంది.

1. ముందు పాత సర్టిఫికెట్లన్నీ తిరగేయండి. కోహా, సోల్, డీస్పేస్ లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ల మీద 5 రోజులది ఏదైనా ఉందేమో చూడండి.

2. దాని మీద విషయం పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ అచ్చులో ఉండాలి. ఉత్త "జాతీయ వర్క్‌షాప్" అని ఉంటే, నిర్వాహకుల సంతకంతో రోజువారీ కార్యక్రమ పట్టిక తెప్పించి జతచేయండి. చాలామంది చెయ్యనిది ఇదే.

3. ఏదీ దొరక్కపోతే వెంటనే ఒక శిక్షణలో చేరండి. ఒక్కరోజు వెబినార్ల కట్టను నమ్ముకోవద్దు.

4. కొత్తగా చేస్తే అర్హత తేదీ కూడా శిక్షణ ముగిసిన రోజుకే జరుగుతుంది. దరఖాస్తులో ఆ తేదీయే వెయ్యండి. పాత తేదీ వేస్తే మళ్లీ అభ్యంతరం వస్తుంది.

అన్నట్టు, మీకు పీహెచ్‌డీ ఉంటే ఆరేళ్లకు బదులు 4 ఏళ్లకే, ఎంఫిల్ ఉంటే 5 ఏళ్లకే అర్హత. అదీ ఒకసారి చూసుకోండి.