ఇల్లు తాకట్టు పెట్టి లండన్ పంపాలా?

గుంటూరు నుంచి ఒక తండ్రి గారు అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. వేలానికి వచ్చే పాత ఫ్లెమిష్ పెయింటింగులు ఎవరు వేశారో తేల్చి, ధర కట్టే పని నేర్చుకుంటానంటోంది. ఇంటి మీద లోన్ తీసుకుని లండన్‌లో ఆర్ట్ బిజినెస్ ఎంఏ చదివించాలా, ఇక్కడే ఎంబీఏలో చేర్చాలా? చుట్టాలకు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది."

లోన్ వద్దు. ముందు ఆ భయం వదిలేయండి. అలాగని అమ్మాయి కోరిక పిచ్చిది కాదు. మీ ఉత్తరంలో చుట్టాలున్నారు, ఇల్లుంది. ఈ పని మీద ఆమెకు ఎందుకు మనసు పడిందో మాత్రం ఒక్క ముక్క లేదు. అడగలేదా? అడగాల్సింది.

ఇది గాలి పని కాదండీ. 'మాసకర్ ఆఫ్ ది ఇన్నొసెంట్స్' అనే చిత్రాన్ని చాలాకాలం యాన్ వాన్ డెన్ హూకె అనే చిన్న చిత్రకారుడి పేరు మీదే లెక్కగట్టారు. అది 17వ శతాబ్దపు ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతం) మహా చిత్రకారుడు రూబెన్స్ చేతి పని అని నిపుణులు గుర్తించాక, 2002లో లండన్ సోథెబీస్ వేలంలో 4.95 కోట్ల పౌండ్లు పలికింది. బొమ్మ అదే, పేరు మారింది. అందుకే వేలం కేటలాగులో ప్రతి మాటకూ విలువుంటుంది. పేరు పక్కన 'స్టూడియో ఆఫ్' అంటే ఆ చిత్రకారుడి వర్క్‌షాప్‌లో తయారైందని, 'ఫాలోయర్ ఆఫ్' అంటే ఆయన పద్ధతిలో వేరొకరు వేశారని, 'ఆఫ్టర్' అంటే నకలని. మెట్టు దిగేకొద్దీ ధర పడిపోతుంది.

ఆ మెట్టు తేల్చడంలోనే మీ అమ్మాయి కెమిస్ట్రీకి పని. నాటి ఫ్లెమిష్ చిత్రాల్లో చాలా ఓక్ చెక్క మీద వేసినవి. చెక్కలోని వలయాల వెడల్పులు కొలిచి, పోల్చి, ఆ చెట్టును ఏ ఏడాదికి ముందు నరికి ఉండరో చెబుతారు. రూబెన్స్ 1640లో మరణించాడు. చెట్టు ఆ తర్వాత నరికిందైతే బొమ్మ ఆయనది కాదు. ముందుదైనంత మాత్రాన ఆయనదేనని రుజువైనట్టూ కాదు. ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దంలో వచ్చిన రంగు. అది బొమ్మలో కనిపిస్తే అసలు పొరలో ఉందా, తర్వాత రిపేరు చేసినవాళ్లు పూసిందా అన్నది చూడాలి. పేరు మోసిన కాలేజీ సర్టిఫికెట్ ఈ చూపు ఇవ్వదు.

ఆర్ట్ బిజినెస్ కోర్సు మీద నా అనుమానం కూడా అదే. మార్కెటింగ్, లా, గ్యాలరీ నడపడం చెబుతారు. పరిచయాలు దొరుకుతాయి, నిజమే. కానీ వేలం సంస్థల్లో ఓల్డ్ మాస్టర్స్, అంటే పాతకాలపు యూరప్ చిత్రకారుల విభాగాలు చిన్నవి. అక్కడ బొమ్మలు చూసి చూసి ముదిరిన కళ్లకే గిరాకీ. అప్పు నెత్తిన పెట్టుకున్న పిల్ల అన్నేళ్లు ఓపిక పట్టగలదా? ఇక ఎంబీఏ అంటారా, ఇష్టం లేని పిల్లను కూర్చోబెడితే ఆ ఫీజూ దండగే.

నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్, అంటే పాత కళాఖండాలను కాపాడి బాగుచేసే విద్యలో ఎంఏ ఉంది. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ ఉంది. ముందు అక్కడ చదవనివ్వండి. ఈలోగా డచ్ నేర్చుకోమనండి, రూబెన్స్ పనిచేసిన ఆంట్వెర్ప్ ఊరి పాత పత్రాలు చదవాలంటే అది తప్పదు. నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ చిత్రాల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితం. రోజుకు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసినా కన్ను పదునెక్కుతుంది. తర్వాత స్కాలర్‌షిప్‌తో యూరప్ వెళ్లొచ్చు. ఒకవేళ ఫ్లెమిష్ దారి మూసుకుపోయినా, కన్జర్వేషన్ తెలిసినవాళ్లతో మన మ్యూజియాలకూ పనుంటుంది.

పరీక్షలయ్యాక ఆమెను సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగుల దగ్గరికి మీరే తీసుకెళ్లండి. ఆమె ఏం చూస్తుందో చెప్పమనండి. మధ్యలో జీతం సంగతి ఎత్తకండి.