స్మిత్ ఇంటిపేరున్న వాళ్లంతా చుట్టాలేనా?

"ఇంగ్లండ్‌లో ఎటు చూసినా స్మిత్‌లే, వీళ్లందరిదీ ఒకే వంశమా?" అని అడిగారు. కాదండీ. నాకూ మొదట్లో ఇదే అనుమానం ఉండేది.

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో ఓ మందుల షాపులో ఆరేళ్లు కౌంటర్ దగ్గర పనిచేశాను. చేరిన కొత్తలో ఒక పూట వరసగా ముగ్గురు స్మిత్‌లు వచ్చారు. ఉండబట్టలేక మూడో ఆవిడని "మీరంతా బంధువులా?" అని అడిగేశాను. మనకి ఇంటిపేరు కలిస్తే ఏ ఊరు, ఏ గోత్రం అని ఆరా తీసి వరస కలిపేస్తాం కదా, ఆ అలవాటు. ఆ పెద్దావిడ "పెళ్లికి ముందు కూడా నేను స్మిత్‌నే, మా ఆయనా స్మితే, చుట్టరికం మాత్రం లేదు" అంది. ఒకే ఇంటిపేరువాళ్లు పెళ్లి చేసుకున్నారంటే నాకు చాలాసేపు మింగుడుపడలేదు.

స్మిత్ అంటే కమ్మరి. కర్రు సాగగొట్టడానికి, గుర్రాలకు లాడాలు వేయడానికి దాదాపు ప్రతి ఊళ్లో ఒకడు ఉండాల్సిందే. 1066లో నార్మన్లు వచ్చాక ఇంటిపేర్లు మెల్లగా పాకి, 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలామందికి స్థిరపడిపోయాయి. ఆ తర్వాత కొడుకు కొలిమి వదిలేసి గొర్రెలు కాసినా పేరు స్మితే. అలా ఏ ఊరి స్మిత్‌లు ఆ ఊళ్లో విడిగా పుట్టారు. జర్మనీ ష్మిట్‌లు, పోలండ్ కొవాల్‌స్కీలు కూడా కమ్మరి పేరువాళ్లే. అమెరికా వెళ్లిన ష్మిట్‌లు కొందరు స్మిత్‌లుగా మారారు కూడా.

దీన్ని లెస్టర్ విశ్వవిద్యాలయంలోనే తేల్చారు. మగవాళ్ల కణాల్లో ఉండే వై క్రోమోజోమ్ అనే జన్యుపోగు ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. 2009లో అక్కడి పరిశోధకులు ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ దాన్ని పోల్చి చూస్తే, అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్న మగవాళ్లలో చాలామంది ఒకే మూలపురుషుడి సంతానం. స్మిత్‌లు మాత్రం దారినపోయే ఏ ఇద్దరిలాగో ఉన్నారు.

ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ స్కాట్లండ్‌వాడు, నటి మ్యాగీ స్మిత్ ఇంగ్లండ్ మనిషి. నాకు ఇష్టమైన స్మిత్ విలియం. 1815లో ఇంగ్లండ్, వేల్స్ నేలపొరల పటం గీసిన మనిషి. వాళ్ల నాన్న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ అనే ఊళ్లో నిజంగానే కమ్మరి!

ఒకసారి ఇంటిపేరూ అడ్రసూ సరిపోయాయని కొడుకు మందుల సంచి తండ్రికి ఇచ్చేశాను. ఇద్దరి పేరూ జాన్ స్మితే. ఆయన గుమ్మం దాటేలోపు చీటీ మీద పుట్టినతేదీ కనబడి పరుగెత్తాను, చేతులు వణికాయి. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ముందు పుట్టినతేదీ, తర్వాతే పేరు అడిగేదాన్ని.