‘ఔషధ నిరోధకం’: ఎవరు ఎవరిని నిరోధిస్తున్నట్టు?

సందేహం: ‘కాంతి చికిత్స వల్ల ఔషధ నిరోధక శిలీంధ్రాల బయోఫిల్మ్‌లో జన్యు వ్యక్తీకరణ తగ్గింది’ అనే వాక్యం ఒక వ్యాసంలో చదివాను. శిలీంధ్రాన్ని అణచే మందును ‘శిలీంధ్ర నిరోధకం’ అంటున్నాం, మందుకు లొంగని శిలీంధ్రాన్నీ ‘ఔషధ నిరోధకం’ అంటున్నాం. రెండూ సాధువులేనా? వ్యక్తీకరణ తగ్గిందంటే జన్యువులు నశించాయనా?

సమాధానం: రెండూ సాధువులే. ‘నిరోధక’ శబ్దంలోని ‘అక’ ప్రత్యయం కర్తను చెబుతుంది, ముందున్న పదం కర్మ అవుతుంది. శిలీంధ్రాన్ని నిరోధించేది శిలీంధ్ర నిరోధకం, ఔషధాన్ని నిరోధించేది ఔషధ నిరోధకం. రోగనిరోధక శక్తి కూడా ఈ కోవలోదే. అయితే ‘శిలీంధ్ర నిరోధక ఔషధ నిరోధక శిలీంధ్రం’ అని రాసినవారిని వ్యాకరణం తప్పుపట్టకపోయినా పాఠకుడు క్షమించడు. ‘మందుకు లొంగని జబ్బు’ అని ఇళ్లలో అనుకొనే మాట ఉండనే ఉంది కనుక ‘మందులకు లొంగని శిలీంధ్రం’ అంటే చాలు. ‘మొండి శిలీంధ్రం’ అన్నది పత్రికల శీర్షికకు నప్పుతుంది గాని, దేనికి మొండిదో చెప్పదు.

విశేషమేమిటంటే, బయోఫిల్మ్ (సూక్ష్మజీవులు జిగురులో అల్లుకొన్న పొర) విషయంలో ‘నిరోధక’ శబ్దం కొంతవరకు వాచ్యార్థంలోనే కుదురుతుంది. కాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రం కట్టుడుపళ్ల మీదా, రోగి శరీరంలోకి అమర్చే క్యాథెటర్ గొట్టాల లోపలా పొరగా అల్లుకొన్నప్పుడు, కణాల చుట్టూ ఉండే జిగురులోని బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థం ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్ర నిరోధక మందును పట్టి ఉంచి, చాలావరకు కణం దాకా పోనివ్వదు. ఇది నిజంగా నిరోధమే. సీడీఆర్1 వంటి జన్యువుల వల్ల తయారయ్యే పంపులు లోపలికి చేరిన మందును బయటికి తోసేస్తాయి. దాన్ని నిరోధం అనడం కంటే వెళ్లగొట్టడం అనడం సరి. ‘లొంగని’ అనే మాటలో రెండూ ఇముడుతాయి.

‘కాంతి చికిత్స’ మాత్రం చాలదు. పచ్చకామెర్లు వచ్చిన పసికందును నీలికాంతి కింద పడుకోబెట్టడమూ కాంతి చికిత్సే, అక్కడ రంగుమందు ఉండదు. ఇక్కడ మిథిలీన్ బ్లూ అనే రంగుమందునో, మన పసుపులోని కర్క్యుమిన్‌నో ముందుగా పొరకు పట్టించి, ఆ పదార్థం పీల్చుకోగల కాంతిని ప్రసరింపజేస్తే, దగ్గరున్న ఆక్సిజన్ చురుకైన రూపాలుగా మారి కణాలను దెబ్బతీస్తుంది. అందువల్ల ‘ఫొటోడైనమిక్ చికిత్స’ అని అరువుమాటనే వాడితే పొరపాటుకు తావుండదు.

ఇక ‘వ్యక్తీకరణ’ అంటే వ్యక్తం కానిదాన్ని వ్యక్తం చేయడం. చేసేది కణం, వ్యక్తమయ్యేది జన్యువులోని సమాచారం. ‘అభివ్యక్తి’ నా చెవికి ఇంకా ఇంపుగా ఉన్నా, వాడుకలో కుదురుకొన్న మాటను కదపనక్కరలేదు. అది తగ్గినప్పుడు జన్యువు ఎక్కడికీ పోదు, దాని నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ ప్రతులు, అంటే జన్యువులోని సమాచారానికి కణం తీసుకొనే నకళ్లు, తగ్గుతాయి. శిలీంధ్రం ఉపరితలానికి అతుక్కోవడానికి తోడ్పడే హెచ్‌డబ్ల్యూపీ1, ఏఎల్‌ఎస్3 జన్యువుల విషయంలో ప్రయోగశాలల్లో ఇలాంటి తగ్గుదలే కనిపించింది. కణాలు చచ్చినా మొత్తం ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది కాబట్టి, వ్యక్తీకరణ అంతగా మారని మరొక జన్యువుతో పోల్చి లెక్క చూస్తారు. అందుచేత ఏ జన్యువులో చెప్పకుండా ‘జన్యు వ్యక్తీకరణ తగ్గింది’ అనడం అన్ని జన్యువులూ మందగించాయన్న భ్రమ కలిగిస్తుంది. ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఫొటోడైనమిక్ చికిత్స తరువాత, మందులకు లొంగని కాండిడా బయోఫిల్మ్‌లో, అతుక్కోవడానికి తోడ్పడే కొన్ని జన్యువుల వ్యక్తీకరణ తగ్గింది.’