రుచుల పండక్కి ముందు ప్లేటు లెక్క

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతి మూడు రోజులూ గోదావరి గట్టున ఫుడ్ ఫెస్టివల్ పెడుతున్నామనీ, చెత్త డబ్బాలు ఎన్ని కావాలనీ అడిగావు. డబ్బాలు ఆఖరి సంగతిరా. చెత్త ఎంత వస్తుందో స్టాళ్లతో అగ్రిమెంటు రాసుకునే రోజే తేలిపోతుంది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాడు పది రకాలు రుచి చూద్దామనుకుంటాడు. ఫుల్ ప్లేటే ఇస్తే మూడో స్టాల్ దగ్గరే పొట్ట నిండి, మిగతాది పారేస్తాడు. ప్రతి స్టాల్లోనూ సగం ప్లేటు, సగం ధర ఉండి తీరాలని రాయించు. గారెలైతే రెండు, చేపముక్కైతే ఒక్కటి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం. పేపర్ కప్పుల్ని నమ్మకు, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మిషన్ మీద ఒత్తిన విస్తళ్లకీ ఒక్కోసారి కవరు అతికిస్తారు. ఆర్డరిచ్చే ముందు ఒకటి రాత్రంతా నానబెట్టు, పొర ఉంటే ఊడొస్తుంది.

అన్నిటికన్నా స్టీలు ప్లేటు మేలు. యాభై రూపాయల డిపాజిట్, టోకెను పెట్టు. తినడానికి 20 నిమిషాలు, కడిగి తిరిగి రావడానికి 20 నిమిషాలు, అంటే గంటలో ఒక ప్లేటు ఒకటిన్నర సార్లు తిరుగుతుంది. రద్దీ గంటలో 3000 ప్లేట్లు లేస్తాయనుకుంటే 2000 ఉండాలి, పైన ఇంకో 200. తక్కువైతే స్టాల్ వాళ్లు బల్ల కింద దాచిన ప్లాస్టిక్ బయటికి తీస్తారు.

కడిగే చోట ముందు ఎంగిలి గీకేయాలి, తర్వాత సబ్బు వేడినీళ్ల తొట్టి, ఆపైన రెండు మంచినీళ్ల తొట్లు. కడుగునీళ్లు నేరుగా గోదావరిలోకి వదలొద్దు. రెండు డ్రమ్ములు పక్కపక్కన పెట్టి, మొదటిదాని అడుగునుంచి రెండోదాని పైకి వంపు గొట్టం వేయించు. జిడ్డు మొదటి డ్రమ్ములోనే పైకి తేలుతుంది, గంటకోసారి తోడేయాలి.

మన పొట్టిక్కలకి ఈ గొడవే లేదు. నాలుగు పనసాకులు ఈనెలతో గుచ్చి, పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే ఆ బుట్టే ప్లేటు. అలాంటివాటికి ముందు వరస స్టాళ్లివ్వు, అద్దె తగ్గించు.

బజ్జీలు, పునుగులు వేసిన నూనెని రాత్రికి మూత డబ్బాల్లో నువ్వే కొలిచి తీసుకో. వదిలేస్తే కాలవలోకైనా పోతుంది, పక్క వీధి బండికైనా అమ్ముడవుతుంది. బయోడీజిల్‌కి సేకరించే లైసెన్సు ఉన్నవాళ్లతో ముందే మాట్లాడుకో.

ఎంగిలిని ఒట్టిగా ఎరువు గుంతలో పోస్తే రెండో రోజుకే కంపు కొడుతుంది. గంప ఎంగిలికి రెండు గంపలు ఎండాకులో, కొబ్బరిపొట్టో కలపాలి. గుప్పెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి, ధార కారితే ఇంకా పొట్టు వెయ్యి. చేపముళ్లు అడుక్కి పోవాలి, లేకపోతే కుక్కలు పెళ్లగిస్తాయి. బోండాం డొక్కలు గుంతలో వేయకు, చీల్చి విడిగా ఎండబెట్టించు.

ఇక డబ్బాలు. తడికొకటి, పొడికొకటి, పక్కన మనిషి. మనిషి లేకపోతే మొదటివాడు తప్పు డబ్బాలో వేస్తాడు, వెనకవాళ్లంతా అందులోనే వేస్తారు.

మొదటి రాత్రే ఎంగిలిని స్టాల్ వారీగా కాటా వేయించు. ఎక్కువ వచ్చిన స్టాల్‌కి తెల్లారేసరికి చిన్న గరిటె పంపించు.

మీ మావయ్య