అమ్మానాన్నలను స్టూడియోకు ఎప్పుడు పిలవాలి?

సందేహం: ఈ ఆగస్టులో అమెరికాలో పెయింటింగ్‌లో ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో మాస్టర్స్ డిగ్రీ) చేరుతున్నాను. రెండేళ్ల కోర్సు. చివర్లో పట్టా తీసుకునే రోజుకు అమ్మానాన్నలను రప్పించి, ఆరు నెలలు నా దగ్గరే ఉంచుకోవాలని ఆశ. అటు స్టూడియో, ఇటు ఇంట్లో వాళ్లు. రెండూ కుదురుతాయా?

జవాబు: కుదురుతాయి. కానీ పట్టా రోజు దాకా ఆగకండి. రెండో ఏడాది అక్టోబరులో మూడు నాలుగు వారాలకు పిలవండి. వీలైతే మళ్లీ పట్టాకు రమ్మనండి. ఒక్కసారే రాగలిగితే మాత్రం అక్టోబరే మేలు.

చివరి సెమిస్టర్‌లో మీరు ఇంట్లో ఉండరు. తుది ప్రదర్శన, దానికి జతగా రాయాల్సిన వ్యాసం, ఆచార్యుల ముందు క్రిటిక్ (బొమ్మ మీద విమర్శ చర్చ), గోడలకు మేకులు కొట్టడం వరకు అన్నీ మీ పనే. కారు నడపలేని ఇద్దరు పెద్దవాళ్లు పరాయి ఊళ్లో ఒంటి గది ఇంట్లో మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ప్రదర్శన నాడు తెల్లటి గోడ మీద పది బొమ్మలు చూసి ‘బాగున్నాయమ్మా’ అంటారు. ఆ బొమ్మలను మీరు ఎన్నిసార్లు చెరిపి, గీకి, మళ్లీ వేశారో వాళ్లకు తెలియనే తెలియదు.

నేను షికాగో దగ్గర చదువుకున్నాను. మావాళ్లు 2010 అక్టోబరులో వచ్చారు. మాది రాజమండ్రి. చిన్నప్పుడు అమ్మ నన్ను దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్లేది. ఆయన 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. నేను చిత్రకళ చదువుతానన్నప్పుడు నాన్నగారికి గుర్తొచ్చింది ఆయన బొమ్మలు కాదు, ఆ వయసు. ‘బొమ్మలేసి ఎలా బతుకుతావు?’ అన్న ప్రశ్నను సూట్‌కేసులో పెట్టుకునే విమానం ఎక్కారు.

నా స్టూడియో పది అడుగుల గది, మూడు గోడలు. మొదటి రోజు అమ్మ లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, ‘అవిసె నూనె వాసన’ అంది. నిజమే, ఆయిల్ రంగులను కలిపేది ఎక్కువగా అవిసె నూనెలోనే. అంతవరకు పరాయిదిగా ఉన్న గది ఆ ఒక్క మాటతో ఆమెకు తెలిసిన చోటయింది. తెలిసిన చోటు కనుక, నేను క్లాసుకు వెళ్లిన గంటలో సర్దిపెట్టింది కూడా. కుంచెలు తుడిచిన నూనె గుడ్డలన్నీ ఏరి, ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి తలుపు వెనక పెట్టింది. సాయంత్రం పక్క గది అమ్మాయి ఆ సంచి మీద చేయి వేసి కెవ్వుమంది. అప్పుడే పొయ్యి మీదనుంచి దించిన గిన్నెలా ఉంది. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డలు పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండలా చుడితే వేడి లోపలే పేరుకుని, నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకోవచ్చు. గుడ్డలను ఒక్కొక్కటే బయట సిమెంటు నేల మీద పరిచి, ఆరిపోయాక నీళ్లతో తడిపి, మూత ఉన్న ఎర్ర ఇనప డబ్బాలో వేశాం. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తప్పు ఆమెది కాదు. చెప్పవలసింది నేను.

ఆ నెలలో మా విభాగం ఓపెన్ స్టూడియో పెట్టింది. ఆ రోజు ఊళ్లో ఎవరైనా వచ్చి విద్యార్థుల గదులు చూడవచ్చు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి ఉంది. మీ దగ్గర ఎప్పుడో ముందే కనుక్కుని ఆ తేదీకి అటూ ఇటూ టికెట్లు తీసుకోండి. క్రిటిక్ వారం మాత్రం తప్పించండి. అందరి ముందు మీ బొమ్మను ముక్కలు ముక్కలుగా విప్పి మాట్లాడతారు. అది చదువులో భాగం. కన్నవాళ్లకు మాత్రం అవమానంలా తోస్తుంది.

ఒక ఆదివారం నాన్నగారిని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన భవనం అది. మేం వెళ్లిన 2010లోనే ముంబయి కళాకారుడు జితీష్ కల్లత్ అక్కడి పెద్ద మెట్లమీద, మెట్టు మెట్టుకూ ఆ ప్రసంగాన్ని దీపాల అక్షరాలతో పరిచారు. నాన్నగారు చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన మాటలు అవి. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, వేలితో చూపిస్తూ చదివారు. పైకి చేరాక ‘ఇది చేసింది చిత్రకారుడా?’ అని అడిగారు. అవునన్నాను. బతుకుతెరువు ప్రశ్న మళ్లీ వేయలేదని చెప్పను. వేశారు. కానీ ఊరికి వెళ్లాక చేసిన మొదటి ఫోనులో ‘ఆ పచ్చరంగు ఆరిందా?’ అని అడిగారు.

ఆ బతుకుతెరువు ప్రశ్న మీకూ వస్తుంది కనుక దాచకుండా చెప్పండి: చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేయడానికి విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి) కింద పన్నెండు నెలలు పని చేయవచ్చు. కంప్యూటర్ చదువులవాళ్లకు దొరికే అదనపు ఇరవై నాలుగు నెలలు పెయింటింగ్‌కు లేవు. నాన్నగారి స్నేహితులెవరైనా బొమ్మ కొంటామంటే డబ్బు పుచ్చుకునే ముందు విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు అది అనుమతి లేని పని కింద లెక్కకు రావచ్చు.

అమ్మానాన్నలకు సందర్శకుల వీసా పదేళ్లకు వచ్చినా, ఈసారి ఎన్నాళ్లుండాలో దిగిన చోట అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల నమోదు పత్రంలో ఉంటుంది. మామూలుగా ఆరు నెలల దాకా ఇస్తారు. వైద్య బీమా బయలుదేరకముందే తీసుకోవాలి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్‌లకు చాలా పాలసీలు డబ్బివ్వవు కనుక మందులు చీటీతో సహా తెచ్చుకోమనండి. వీసా ఇంటర్వ్యూకు తేదీ ఆలస్యంగా దొరకవచ్చు, మొదటి ఏడాదిలోనే ఆ పని మొదలుపెట్టండి.

స్టూడియోలో వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి ఉంచండి. మీరు రంగు వేస్తుంటే అమ్మ అక్కడ కూర్చుంటుంది. ఘాటు ఆవిరి వచ్చే టర్పెంటైన్ వాడే రోజున మాత్రం పిలవకండి. చేరిన మొదటి వారంలోనే ఆ ఎర్ర డబ్బా ఏ మూల ఉందో చూసిపెట్టుకుని, ఆమె వచ్చిన మొదటి రోజున, సంచులు విప్పకముందే చూపించండి.