మీ అబ్బాయిని ఎవరూ భోజనానికి పిలవట్లేదమ్మా!

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఉదయం పదకొండు దాటితే చాలు, ఎదురైన ప్రతివాళ్లూ 'మాల్‌ట్సైట్' అంటున్నారట. ఫోన్‌లో చూస్తే 'భోజనం' అని వచ్చిందట. పిలుస్తున్నారనుకుని వీడు 'బాక్స్ తెచ్చుకున్నానండీ' అంటుంటే, వాళ్లు నవ్వేసి వెళ్లిపోతున్నారు. అంతమంది పిలుస్తుంటే ఒక్కసారైనా వెళ్లకపోతే బాగుండదేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: టెన్షన్ ఏమీ వద్దమ్మా, అది పిలుపు కాదు, మధ్యాహ్నం పూట పలకరింపు. విజయనగరం కాంప్లెక్సులో తెలిసినవాళ్లు కనిపిస్తే 'తిన్నారేటి?' అంటారు చూడండి, అలాంటిదే. కాకపోతే మనవాళ్లకి తిన్నామనో లేదనో ఏదో ఒకటి చెప్పాలి, అక్కడ ఆ పని కూడా లేదు. వాళ్లు 'మాల్‌ట్సైట్' అంటే మీవాడూ 'మాల్‌ట్సైట్' అనేసి నడుచుకుంటూ పోవచ్చు.

మాల్ అంటే భోజనం, త్సైట్ అంటే వేళ. ఒకప్పుడు 'గెజేగ్నెటె మాల్‌ట్సైట్' అనేవారు, అంటే దైవ దీవెన ఉన్న భోజనం కావాలని. రానురాను దీవెన జారిపోయి భోజనం ఒక్కటే మిగిలింది, ఇప్పుడైతే అదీ లేదు, క్యాంటీన్‌కి వెళ్తున్నా, తినేసి వస్తున్నా, లిఫ్టులో ఊరికే నిలబడ్డా అనేస్తారు. ఆఖరికి టాయిలెట్ దగ్గర ఎదురైనా అదే మాటని వాళ్లలో వాళ్లే జోకులు వేసుకుంటారు! పదకొండుకే మొదలవుతుందేమిటంటారా? ఫ్యాక్టరీల్లో పొద్దున్న ఆరింటికో ఏడింటికో పనిలోకి దిగిపోతారు కాబట్టి మధ్యాహ్న భోజనం కూడా తొందరగానే. చాలా ఇళ్లలో వేడివేడిగా తినేది ఆ పూటే, రాత్రికి బ్రెడ్డూ చీజూ, దాన్ని 'ఆబెంట్‌బ్రోట్' అంటారు.

పక్కన కూర్చుని తినబోయేవాళ్లకి మాత్రం 'గూటెన్ అపెటీట్' అంటే బాగుంటుంది. పెద్ద మీటింగుల్లో, బయటి కస్టమర్ల దగ్గర 'మాల్‌ట్సైట్' అనకపోవడమే మంచిది, ఆ మాటంటే చిరాకుపడే జర్మన్లూ ఉన్నారు. ఇంకొకటి, మెషిన్ ఆగిపోయినప్పుడో ఆర్డర్ పోయినప్పుడో ఎవరైనా 'ప్రోస్ట్ మాల్‌ట్సైట్' అంటే అది పలకరింపు కాదు, 'అయిపోయింది మన పని' అనే వెటకారం. దానికి బదులుగా మీవాడు నవ్వుతూ 'మాల్‌ట్సైట్' అన్నాడంటే మళ్లీ నవ్వులే.

నిజంగా ఎవరైనా హోటల్‌కి రమ్మంటే తప్పకుండా వెళ్లమనండి, కానీ జేబులో డబ్బులు ఉంచుకోమనండి. తిన్నాక సర్వర్ వచ్చి 'త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?' అని అడుగుతారు, బిల్లు కలిపి ఇవ్వాలా, విడివిడిగానా అని. తోటి ఉద్యోగులు కలిసి తింటే చాలావరకు విడివిడిగానే కడతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.