బి కణం యాంటీజెన్‌ను గుర్తుపట్టగానే ఎందుకు పనిలోకి దిగదు?

బి కణం రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణం. అది తన ఉపరితల గ్రాహకాలతో యాంటీజెన్‌ను, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తించే పదార్థాన్ని, ఉన్నదున్నట్టుగానే పట్టుకుంటుంది. మరో రకం తెల్ల రక్తకణమైన టి కణానికి కావలసినట్టు ముక్కలు చేసి చూపనక్కర్లేదు. అయితే సాధారణంగా అంతమాత్రాన సరిపోదు. పట్టుకున్నదాన్ని లోపలికి లాక్కుని, ప్రోటీన్ ముక్కలను వాటిని ప్రదర్శించే ఎంహెచ్‌సీ-2 అనే అణువుపై పెట్టి సహాయక టి కణానికి చూపాలి. ఆ టి కణం సీడీ40 లైగాండ్ అనే ఉపరితల ప్రోటీన్‌తో, సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లతో ఆమోదం తెలిపాకే బి కణం విభజన చెంది యాంటీబాడీలు విడుదల చేసే ప్లాస్మా కణాలుగా, జ్ఞాపక కణాలుగా మారుతుంది.

చిక్కంతా చక్కెర గొలుసులతోనే. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైనుండే వీఐ పాలీశాకరైడ్ అనే చక్కెర గొలుసులో ప్రోటీన్ లేదు కనుక టి కణం సాయం అందదు. బి కణాలు కొంత స్పందించినా జ్ఞాపకం బలహీనం. రెండేళ్లలోపు పిల్లల్లో అదీ అంతంతమాత్రం. హైదరాబాద్‌లో తయారయ్యే టైప్‌బార్ టీసీవీ టీకాలో ఆ చక్కెరకు టెటనస్ టాక్సాయిడ్ (హానిలేకుండా చేసిన ధనుర్వాత విషం) ప్రోటీన్‌ను అతికించారు. బి కణం పట్టుకునేది చక్కెరను, టి కణానికి చూపేది ప్రోటీన్‌ను! అందుకే దీన్ని 6 నెలల పసివాళ్లకూ వేయగలుగుతున్నారు.